మందుల సంచితో రామప్ప దాకా: వైద్య అవసరాలున్న బిడ్డతో సెలవు ప్రయాణం ఎలా కట్టాలి

దసరా సెలవులు మొదలవగానే హనుమకొండ బస్టాండు నిండిపోతుంది. మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మా ఇంటికి మాత్రం ఆరేళ్లపాటు తాళం పడలేదు. మా పాపకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేని స్థితి), దానితోపాటు మూర్ఛ ఉన్నాయి. ఆహారం పొట్టకు అమర్చిన గొట్టం ద్వారా వెళ్తుంది. రాత్రిళ్లు ఆక్సిజన్ కావాలి. "ఈ పిల్లతో ఎక్కడికి వెళ్తారమ్మా" అని బంధువులు ప్రేమతోనే అనేవారు, మేమూ నిజమే కదా అనుకునేవాళ్లం. ఒకసారి బడిలో సెలవుల గురించి వ్యాసం రాయమంటే మా బాబు ఆసుపత్రి గేటు పక్కనుండే ఇడ్లీ బండి గురించి రాసుకొచ్చాడు. ఆ కాగితం చదివిన రాత్రే నేనూ మా వారూ కూర్చుని మొదటి ప్రయాణానికి లెక్కలు వేశాం.

ఆ తరువాత రామప్ప చూశాం, లక్నవరం చూశాం, పాకాల చెరువు గట్టు మీద భోజనం చేశాం. ఈ తిరుగుళ్లలో నేర్చుకున్నదంతా వరుసగా చెబుతాను. మీ బిడ్డ జబ్బు వేరు కావచ్చు. మందుల విషయంలో నా మాట కన్నా మీ డాక్టరు మాటే పైన ఉంచండి.

1. ఊరి పేరు అనుకునే ముందు బిడ్డ గడియారం రాయండి

అందరూ ముందు ఊరు అనుకుని తరువాత ఏర్పాట్లు చూసుకుంటారు. మన ఇళ్లలో అలా చేస్తే దారి మధ్యలోనే చిక్కు వస్తుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని మీ బిడ్డకు ఇరవై నాలుగు గంటల్లో ఏ గంటకు ఏం జరగాలో రాయండి. మా పాప ఉదయం ఇలా ఉంటుంది: 6 గంటలకు మూర్ఛ మందు. 7కు గొట్టంలో పాలు. అవి నెమ్మదిగా దిగడానికి 40 నిమిషాలు పడుతుంది. తరువాత గంటసేపు తల ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాలి, లేకపోతే వాంతి అవుతుంది. పావు తక్కువ తొమ్మిది నుంచి పదకొండున్నర వరకు తనకు మా చేతి సాయం పెద్దగా అక్కరలేదు. పదకొండున్నరకు మళ్లీ ఆహారం.

ఆ కాగితం మీద అన్నింటికన్నా పొడవైన ఖాళీ ఎక్కడుందో చూడండి. మాకు అది రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. ఒక్క దఫాలో మేము చేయగలిగే ప్రయాణం అంతే. హనుమకొండ నుంచి రామప్ప సుమారు 70 కిలోమీటర్లు, కారులో దాదాపు రెండు గంటలు, కాబట్టి అందులో ఇముడుతుంది. లక్నవరం కొంచెం ఎక్కువ దూరమైనా ఇముడుతుంది. నర్సంపేట దాటాక వచ్చే పాకాల ఇంకా దగ్గర. బొగత జలపాతం మాత్రం 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా గది తీసుకుని ఆహారం పెట్టి, పడుకోబెట్టి, మళ్లీ బయలుదేరితే తప్ప మాకు కుదరదు. ఆ సంగతి ముందే తెలిస్తే దారిలో ఒకరి మీద ఒకరు విసుక్కునే అవసరం రాదు.

మందును అరగంట, గంట అటూ ఇటూ జరపవచ్చా అన్నది డాక్టరునే అడగండి. కొన్ని మందులకు ఫరవాలేదు, కొన్నింటికి గంట తప్పకూడదు.

2. డాక్టరును నెల ముందే కలవండి

"వెళ్లవచ్చా?" అని ఒక్క మాట అడిగితే "జాగ్రత్తగా వెళ్లండి" అన్న ఒక్క మాటే తిరిగొస్తుంది. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏ వారం వెళ్తే మంచిది? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి? అత్యవసర మందు ఎంత, ఎన్ని నిమిషాలకు వాడాలి? మీతో ఫోనులో ఎప్పుడు మాట్లాడవచ్చు?

వారం ఎంపిక చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ చాలా తేడా తెస్తుంది. తలసీమియా ఉన్న పిల్లలకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఎక్కించిన తరువాతి వారంలో బిడ్డ హుషారుగా ఉంటుంది, ప్రయాణానికి అదే అనువు. ఎక్కించాల్సిన తేదీకి రెండు రోజుల ముందు బయలుదేరితే బిడ్డ నీరసంగా కారులో పడుకునే ఉంటుంది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లలకు చలి, ఒంట్లో నీరు తగ్గడం, అతిగా అలసిపోవడం నొప్పులు తెచ్చిపెడతాయి. జలపాతం కింద చల్లని నీళ్లలో ఆడించడం, జనవరి తెల్లవారుజామున అడవి దారిలో కిటికీ తెరిచి వెళ్లడం వారికి మంచివి కావు. క్యాన్సర్ మందులు నడుస్తున్నా, ఛాతీలో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి మందులు ఎక్కించే గొట్టం) ఉన్నా, 100.4 డిగ్రీల ఫారిన్‌హీట్ జ్వరం వచ్చిందంటే అది అత్యవసరం. తెల్లారేదాకా ఆగుదామని అనుకోకూడదు.

డాక్టరు దగ్గర ఒక పేజీ ఉత్తరం రాయించుకోండి. జబ్బు పేరు, బిడ్డ బరువు, అలర్జీలు, మందుల అసలు పేర్లు, మోతాదులు, గొట్టం సైజు, రోజూ ఉండే ఆక్సిజన్ శాతం అందులో ఉండాలి. పిల్లలకు మోతాదు బరువును బట్టి లెక్కిస్తారు కాబట్టి బరువు తప్పనిసరి. మోతాదును మిల్లీగ్రాముల్లో కూడా రాయించండి. పారాసిటమాల్ సిరప్‌నే చూడండి, 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉన్న సీసా దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. "ఒక చెంచా" అని గుర్తుపెట్టుకుని కొత్త ఊరి మెడికల్ షాపులో రెండో సీసా కొంటే రెట్టింపు మందు వేసినట్టే. ఇక ఆక్సిజన్ శాతం సంగతి. మా పాపకు మామూలు రోజుల్లోనే 93 ఉంటుంది. ఆ అంకె కాగితం మీద లేకపోతే, కొత్త డాక్టరు ఆ రీడింగ్ ఇవాళ్టి ప్రమాదమా, తన అలవాటా అని తేల్చుకోలేక సమయం పోతుంది.

ఆ ఉత్తరం మూడు ప్రతులు తీయండి. ఒకటి సంచిలో, ఒకటి కారులో, ఒకటి ఇంట్లో ఉన్నవారి దగ్గర. ఫోటో ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

3. కాలం, చోటు

మా ప్రాంతానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో వద్దే వద్దు. టోపిరమేట్, జోనిసమైడ్ లాంటి మూర్ఛ మందులు కొందరు పిల్లల్లో చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి. చెమట లేకపోతే ఒళ్లు చల్లబడదు, జ్వరంలా కాగిపోతుంది, దాంతో మూర్ఛ కూడా రావచ్చు. వేసవి సెలవులే దిక్కైతే ఉదయం పదికల్లా తిరుగుడు ముగించి గదిలోకి వెళ్లిపోండి.

వానాకాలంలో జలపాతాలు నిండుగా ఉంటాయి, ఆశ పుడుతుంది. కానీ 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన కురిసింది, చుట్టుపక్కల వాగులు పొంగి దారులు తెగాయి. ఆ ఊరున్న వెంకటాపూర్ మండలంలోనే రామప్ప గుడి కూడా ఉంది. ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డతో వాగుకు అవతల చిక్కుకోవడం ఊహించడానికే భయంగా ఉంటుంది. అలాగే రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే రోజుల్లో ఆ దారి వాహనాలతో నిండిపోతుంది. మొక్కు ఉంటే జాతర కాని రోజుల్లో వెళ్లి గద్దెలకు దండం పెట్టుకుని రండి. మేము అలాగే వెళ్లాం, అమ్మవార్లు ఏ లోటూ చేయలేదు.

చోటును ఎంచుకునేటప్పుడు చక్రాల కుర్చీ ఎక్కడిదాకా వెళ్తుందో కనుక్కోండి. 1213లో కట్టిన రామప్ప గుడి ఆరడుగుల ఎత్తైన అరుగు మీద ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఆ శిల్పాలను దగ్గరగా చూడాలంటే మెట్లెక్కాలి. మేము కుర్చీని కింద ఉంచుతాం, మా వారు పాపను ఎత్తుకుని ఎక్కుతారు. చెప్పులు విడిచి నడవాలి కాబట్టి, బిడ్డను మోస్తూ కాలే రాతి మీద అడుగు తడబడకుండా ఉదయమే వెళ్తాం. లక్నవరంలో వేలాడే వంతెన ఊగుతుంది, మెడ నిలవని బిడ్డకు అది ఇబ్బంది. మేము గట్టు మీదే ఉండిపోయాం. పాపకు నీళ్ల మీద వెలుగు చూడడం ఇష్టం, గట్టు మీదైనా అది దొరికింది.

4. దారిలో ఆసుపత్రులను గుర్తుపెట్టండి

మీరు వెళ్లే దారిని కాగితం మీద గీతగా గీసి, రాత్రిపూట కూడా తెరిచి ఉండే ఆసుపత్రులను దాని మీద గుర్తించండి. ములుగు వైపు వెళ్తే వరంగల్‌లో ఎంజీఎం, ఆ తరువాత ములుగు ప్రభుత్వ ఆసుపత్రి. పిల్లల వైద్యం, ఐసీయూ కావాలంటే వెనక్కి వరంగల్‌కే రావాలి. గీత మీద ఒక చోట "ఇక్కడిదాకా ఏం జరిగినా వెనక్కి తిరుగుతాం" అని రాసిపెట్టుకోండి. కంగారులో ఆ నిర్ణయం తీసుకోవడం కష్టం, ముందే తీసుకుంటే వాదన ఉండదు. తాడ్వాయి అడవుల్లో ఫోను సిగ్నల్ అన్నిచోట్లా అందదు, కాబట్టి మ్యాపును ముందే దించుకుని పెట్టుకోండి. అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112.

5. ఒక రాత్రి రిహార్సల్

అసలు ప్రయాణానికి రెండు వారాల ముందు ఒక్క రాత్రి ఇంటి బయట గడపండి. మేము కాజీపేటలో మా అక్క ఇంట్లో పడుకున్నాం. ఇంటి నుంచి పావుగంట దూరం. ఏది మరచిపోయినా వెళ్లి తెచ్చుకోవచ్చు. ఆ రాత్రి ఎన్ని లోపాలు బయటపడ్డాయో! మంచానికీ ప్లగ్గుకూ మధ్య వైరు చాలలేదు. ఆహారం వేలాడదీయడానికి మేకు లేదు, మా బావగారు కిటికీ చువ్వకు తాడు కట్టారు. ఆక్సిజన్ మిషన్ చప్పుడుకు అక్క పిల్లలు నిద్రపోలేదు. అర్ధరాత్రి కరెంటు పోతే టార్చి ఏ సంచిలో ఉందో ఎవరికీ తెలియలేదు. అవన్నీ రాసుకున్నాం. ఈ పద్ధతిలో ఏ ఒక్క మెట్టునైనా వదిలేయవచ్చేమో కానీ దీన్ని మాత్రం వదలకండి.

6. సంచులు

మందులను కారు డిక్కీలో పెట్టకండి. ఎండకు డిక్కీ పొయ్యిలా వేడెక్కుతుంది, పైగా అవసరమైనప్పుడు చేయి అందదు. మేము రెండు సంచులు చేస్తాం. ఒకటి నా కాళ్ల దగ్గర, రెండోది మా వారి సీటు వెనుక. ప్రతి మందునూ సగం సగం పంచుతాం. ఒక సంచి పోయినా ఆ రోజు గడుస్తుంది. వెళ్లేది రెండు రోజులకైతే ఐదు రోజుల మందు తీసుకెళ్తాం.

కాళ్ల దగ్గరి సంచిలో ఇవి ఉంటాయి:

- అత్యవసర మూర్ఛ మందు, దాని మీద మోతాదు పెద్ద అక్షరాలతో
- అదే సైజు పొట్ట గొట్టం మరొకటి, జెల్, టేపు
- ఆహారం ఎక్కించే పెద్ద సిరంజిలు మూడు, మందుకు చిన్నవి ఆరు
- ఆక్సిమీటరు, థర్మామీటరు, వాటి బ్యాటరీలు
- కాచి చల్లార్చిన నీళ్లు, ఓఆర్‌ఎస్
- బట్టలు, డైపర్లు, వాంతికి ప్లాస్టిక్ కవర్లు

మెడకు గొట్టం ఉన్న పిల్లలకైతే అదే సైజు గొట్టం ఒకటి, అంతకన్నా ఒక సైజు చిన్నది మరొకటి, కట్టే పట్టీలు, కత్తెర, కరెంటు లేకున్నా చేత్తో పనిచేసే, కళ్లె లాగే సక్షన్ పరికరం కావాలి. వారిని నీటి అంచుకు దూరంగా ఉంచండి, మట్టి రోడ్డు మీద కిటికీలు మూసి ఉంచండి. వాడని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, కానీ ఐస్ ప్యాక్‌కు నేరుగా తాకనివ్వకూడదు. గడ్డకడితే అది పనికిరాదు. గుడ్డలో చుట్టి థర్మాకోల్ డబ్బాలో పెట్టండి.

7. కరెంటు, ఆక్సిజన్: చేత్తో లెక్క వేయండి

బి టైప్ చిన్న సిలిండరు నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఇస్తుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే పన్నెండు గంటలు వస్తుంది, 1 లీటరైతే దానికి రెట్టింపు. ఆ గంటలను పూర్తిగా నమ్ముకోకుండా మూడో వంతు తగ్గించి లెక్కపెట్టండి. కారులో సిలిండరు దొర్లకుండా బెల్టుతో గట్టిగా బిగించండి, ఎండలో ఉంచకండి, కారులో ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదు, అగరుబత్తి కూడా వద్దు. గదికి చేరాక దేవుడి పటం ముందు దీపం పెట్టే అలవాటున్న పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే, ఇంట్లో వాడే నిమిషానికి 5 లీటర్ల కాన్సంట్రేటర్‌కు 300 వాట్ల పైన కరెంటు కావాలి. కారులో ఫోను ఛార్జ్ చేసుకునే సాకెట్ సాధారణంగా 120 వాట్ల వరకే తట్టుకుంటుంది. రైలు పెట్టెల్లో ఉండే ప్లగ్గులు కూడా ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల కోసమే. వాటిని నమ్ముకుని బయలుదేరకండి. దారికి సిలిండరు, గదికి కాన్సంట్రేటర్, ఇదీ మా పద్ధతి. బ్యాటరీతో నడిచే చిన్న కాన్సంట్రేటర్ ఖరీదు ఎక్కువ, కొన్నిచోట్ల అద్దెకు దొరుకుతుంది. దాన్ని అద్దెకు తీసుకుంటే ఇంట్లో ఒక రాత్రి నడిపి చూశాకే ప్రయాణం పెట్టుకోండి.

8. కారు, రైలు, బస్సు

మొదటి ప్రయాణానికి కారే మేలు, అద్దెకైనా సరే. డ్రైవరుకు మీ గడియారం కాగితం చూపించి, ఎక్కడెక్కడ ఆపాలో ముందే చెప్పండి. బిడ్డను ఒడిలో పెట్టుకోకుండా తలకు ఆసరా ఉన్న సీటులో బెల్టుతో కూర్చోబెట్టండి. ఆహారం ఎక్కుతుండగా బండి కదలకూడదు.

రైలులో వెళ్తే ఆక్సిజన్ సిలిండరును డాక్టరు ధ్రువపత్రంతో తీసుకెళ్లవచ్చు. నడవలేని, తోడు లేకుండా ప్రయాణించలేని పిల్లలకు స్లీపర్, థర్డ్ ఏసీలలో 75 శాతం రాయితీ ఉంది, తోడు వెళ్లే ఒకరికీ అంతే. దానికి రైల్వే ఇచ్చే దివ్యాంగుల ఫోటో కార్డు ముందే తీసుకోవాలి. స్లీపర్‌లో దివ్యాంగుల కోటా బెర్తులూ ఉంటాయి. దారిలో సాయానికి 139. సదరం (వైకల్య) ధ్రువపత్రం, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు ఇంకా తీసుకోకపోతే ఈ సెలవులకు ముందే ఆ పని మొదలుపెట్టండి. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ కూడా 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఉన్నాయని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

9. గది

ఫోను చేసి ఇవి అడగండి: కింది అంతస్తులో గది ఉందా, రాత్రంతా జనరేటరు నడుస్తుందా లేక పదింటికి ఆపేస్తారా, ఫ్రిజ్ ఉందా, స్నానాల గది తలుపు వెడల్పు ఎంత. చివరి ప్రశ్నకు "పెద్దదేనండీ" అని జవాబు వస్తుంది. మీ కుర్చీ కొలత సెంటీమీటర్లలో చెప్పి, తలుపు వీడియో పంపమని మర్యాదగా అడగండి. మా మొదటి రాత్రి, పూర్తి బ్యాకప్ ఉందన్న ఒక చోట అది వరండా దీపాలకే పరిమితమని అర్ధరాత్రి తెలిసింది. వెంట తెచ్చిన సిలిండరు ఆ రాత్రిని గట్టెక్కించింది. అందుకే గదిలో అడుగు పెట్టగానే మిషన్ పెట్టి, మెయిన్ స్విచ్ ఒకసారి ఆపించి చూస్తాను. వాళ్లకు వింతగా ఉంటుంది, ఫరవాలేదు.

10. పనులు పంచుకోండి

ఊరు మారినా తల్లి పని మారకపోతే అది ఆమెకు సెలవు కానే కాదు. మేము బయలుదేరే ముందే రాసుకుంటాం: రాత్రి పన్నెండు దాకా నేను, తెల్లారేదాకా మా వారు. మధ్యాహ్నం రెండు గంటలు మా అత్తయ్య పాప పక్కన కూర్చుంటారు. ఆ సమయంలో నేను నిద్రపోతాను, సిగ్గుపడకుండా. ఆహారం పెట్టడం, గొట్టం శుభ్రం చేయడం ఇంట్లో కనీసం ముగ్గురికి రావాలి. పెద్దవాళ్లు భయపడితే రోజూ ఒక్కసారి వారి చేతనే పెట్టించండి, రెండు వారాల్లో చేయి తిరుగుతుంది.

రెండో బిడ్డకూ సమయం విడిగా ఇవ్వండి. లక్నవరంలో మా బాబు, వాళ్ల నాన్న పడవ ఎక్కారు. ఒక గంట వాడు తప్ప ఎవరి అవసరమూ ఆయన చూడనక్కరలేదు.

ఆపద వస్తే

మూర్ఛ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బట్టలు వదులు చేయండి, గడియారం చూడండి. గుంపులో ఎవరో తాళాలు చేతిలో పెట్టబోతారు, ఉల్లిపాయ వాసన చూపించమంటారు, నోట్లో చెంచా పెట్టమంటారు. వద్దని గట్టిగా చెప్పండి. నోట్లో ఏదీ పెట్టకూడదు. డాక్టరు చెప్పిన నిమిషానికి అత్యవసర మందు వేయండి. ఐదు నిమిషాలు దాటితే 108.

పొట్ట గొట్టం ఊడిపోతే రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది. రేపు చూద్దామని ఉంచకండి. మీకు నేర్పించి ఉంటే వెంట ఉన్న గొట్టం పెట్టండి, లేకపోతే శుభ్రమైన గుడ్డతో కప్పి అప్పుడే ఆసుపత్రికి బయలుదేరండి. గొట్టం అమర్చి కొన్ని వారాలే అయి ఉంటే మీరు ప్రయత్నించనే కూడదు. ముక్కు గొట్టం ఊడినా, శిక్షణ లేకుండా తిరిగి పెట్టకండి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

ఇంటికి వచ్చిన రాత్రే

ఎంత అలసిపోయినా సంచిని అలాగే మూలకు పెట్టకండి. సిరంజిలు కడిగి ఆరబెట్టండి, తగ్గిన మందులు నింపండి, సిలిండరు నింపడానికి పంపండి. తరువాత పుస్తకంలో రెండు మూడు వాక్యాలు రాయండి. మా పుస్తకంలో పోయిన ఫిబ్రవరి పేజీ మీద ఇలా ఉంది: "పెద్ద సిరంజి ఒకటి తక్కువైంది. కుర్చీకి గొడుగు కట్టాలి. గట్టు మీద పాప రెండు గంటలు నవ్వుతూనే ఉంది. బాబుకు పడవ ఇంకోసారి."